నక్క కథకి గేదె ఊఁ

ఉగాది వెళ్ళి పది రోజులైంది. ఉత్తరపు కొండల్లో ఆపిల్ చెట్లు పూత మీదున్నాయి. ఇక చలి పీడ వదిలిందని అందరూ సంబరపడుతున్న సమయంలో రాత్రంతా మంచు కురిసింది. తెల్లారేసరికి కొండవాలు మీది పశువుల పాక సగం దాకా కూరుకుపోయింది. పాక యజమానీ అతని కుక్కా ముందురోజే కింది ఊరి సంతకి దిగి, దారి మూసుకుపోవడంతో అక్కడే చిక్కుకున్నారు.

ఈ సంగతి అందరికంటే ముందు పసిగట్టినవాడు జంబులింగం అనే నక్క. రెండు రోజులుగా వాడి కడుపులో మెతుకు పడలేదు. ఇప్పుడు ఎలుక కన్నాలు కూడా మంచు కిందికి పోయాయి. పాకలో సింగారమ్మ అనే కోడి కిందటి వారమే ఏడు పిల్లల్ని లేపిందనీ, ఇవాళ కాపలా కుక్క లేదనీ తెలిసిన దగ్గర్నుంచీ వాడికి కాలు నిలవడం లేదు. కానీ పాకలో ఓబులేసు అనే ఎద్దు ఉంది. దాని కొమ్ములు ఒక్కోటి మూరెడు. బలంతో అయ్యే పని కాదని, జంబులింగం మొహాన నవ్వు పులుముకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఓబులేసు మామా, ఇంత మంచు మీరొక్కరే ఎప్పుడు తీస్తారు? నేనూ ఒక చెయ్యి వేస్తా."

ఆ కొండల్లో ఒక కట్టుబాటుంది. మంచు పడిన రోజు పనికొచ్చినవాణ్ణి పొమ్మనకూడదు. పొద్దుగూకేదాకా పాకలో చోటివ్వాలి. ఓబులేసు ఎటూ తేల్చుకోలేక కోడి వైపు చూశాడు.

"రానీ మామా," అంది సింగారమ్మ, పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంటూ. "పనిలో ఉంటే మన కళ్ళెదుటే ఉంటాడు."

జంబులింగం లోపలికి వచ్చాడు గానీ మంచుని ముట్టుకోలేదు. వచ్చిన పావుగంటకే మేస్త్రీ అయిపోయాడు.

"తిమ్మక్కా, నువ్వు మేకవి, ఎక్కడం నీకు తేలిక. కప్పు మీది మంచు దించెయ్. మామా, ఆ చెక్కపలక మెడకి కట్టుకుని వాకిలంతా లాగెయ్. చెంద్రమ్మత్తా, నీ బరువుకి మంచు అణగాల్సిందే, ఊట దాకా దారి తొక్కిరా."

చెంద్రమ్మ గేదె. మారు మాట్లాడకుండా నడిచింది. తిమ్మక్క మాత్రం కప్పు మీంచి అరిచింది.

"నువ్వేం చేస్తావు బావా?"

"నేను చూసుకుంటా కదా!"

"ఏం చూసుకుంటావు?"

"మీరు చేస్తున్నారో లేదో!"

వాకిలి అయ్యాక పెరడన్నాడు. పెరడయ్యాక గడ్డివామి చుట్టూ అన్నాడు. ఆపిల్ కొమ్మలు బరువుకి విరుగుతాయని ఒక్కో చెట్టూ దులిపించాడు. అది మాత్రం మంచి పనే, ఆ పూత నిజంగానే దక్కింది. కానీ వాడికి పూత మీద బెంగ లేదు. వీళ్ళు అలిసిపోవాలి, కడుపునిండా తినాలి, వెచ్చగా పడుకోవాలి, ఒళ్ళు తెలియకుండా నిద్రపోవాలి. అంతే వాడికి కావలసింది.

మధ్యాహ్నానికి పని ముగిసింది. గాలి లేచింది. అందరూ లోపలికొచ్చి గడ్డి మేసి, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. రోజూ ఆ వేళకి యజమాని రేడియో పెట్టేవాడు. ఇవాళ పెట్టే దిక్కు లేదు. మేకుకి రేడియో ఊరికే వేలాడుతోంది.

"ఇంత చాకిరీ చేశాక పాటా లేదు, మాటా లేదు," అని తిమ్మక్క సణిగింది.

జంబులింగం ఎదురుచూస్తున్నది అదే. "నేనుండగా రేడియో ఎందుకక్కా? కథ చెప్తా వినండి."

"చెప్పన్నా," అంది సింగారమ్మ. "కానీ మా పాకలో ఒక పద్ధతుంది. ఊఁ కొట్టేవాళ్ళు ఒక్కరున్నా కథ ఆపకూడదు. ఆపినవాడు ఆ క్షణమే బయటికి నడవాలి, మంచైనా సరే, పిడుగైనా సరే."

"అదెంత భాగ్యం చెల్లీ!" జంబులింగానికి నవ్వాగలేదు. అందరి రెప్పలూ అప్పుడే వాలుతున్నాయి.

సింగారమ్మ పిల్లల్ని తీసుకుని చెంద్రమ్మ ముందుకాళ్ళ మధ్య సర్దుకుని కూర్చుంది. జంబులింగం కథ మొదలెట్టాడు. కావాలనే చప్పటి కథ ఎంచుకున్నాడు.

"ఒక రాజుగారికి ముగ్గురు కోడళ్ళు. పెద్దకోడలు వడ్లు ఎండబోసింది."

"ఊఁ," అన్నారు అందరూ.

"ఒక పక్క ఎండాక రెండో పక్కకి తిరగబోసింది."

"ఊఁ."

"మబ్బు పట్టిందని ఎత్తేసింది. మబ్బు తేలిపోయిందని మళ్ళీ ఎండబోసింది."

మూడోసారి ఎండబోసేటప్పటికి తిమ్మక్క గురక పెట్టింది. అయిదోసారికి ఓబులేసు తల గడ్డిలోకి వాలింది. సింగారమ్మ కళ్ళు కూడా మూతపడినట్టే కనిపించాయి. జంబులింగం నోట్లో నీళ్ళూరాయి. కథ ఆపి లేవబోయాడు.

"ఊఁ," అంది చెంద్రమ్మ.

కూలబడి మళ్ళీ మొదలెట్టాడు. నడిపికోడలు పప్పు నానబోసింది. ఊఁ. చిన్నకోడలు రోలు కడిగింది. ఊఁ. కోడళ్ళు అయిపోయారు. రాజుగారిని యుద్ధానికి పంపించాడు, చంపేశాడు. ఊఁ. కంగారులో చచ్చిన రాజునే తెచ్చి పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టాడు. అప్పుడూ ఊఁ! సగం మూసిన కళ్ళతో, తల కూడా కదపకుండా, చెంద్రమ్మ తాపీగా ఊఁ అంటూనే ఉంది. ఇంత శ్రద్ధగా కథ వినే గేదెని వాడు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

పాపం, జంబులింగం గొంతు ఆరిపోయింది. కడుపు కాలుతోంది. కథలోకి ఎవరిని తెచ్చినా ఆఖరికి కోడికూర దగ్గరికే చేరుతున్నారు. మంత్రి కోడికూర అడిగాడు. ముని కూడా అదే అడిగాడు. ఇక తెలిసిన కథలన్నీ ఖాళీ అయ్యాయి. నాలుక మీద మిగిలింది ఒక్కటే.

"మరేమో... ఒక నక్క ఉండేవాడు," అన్నాడు.

"ఊఁ." ఈసారి పక్కనుంచి ఇంకో గొంతు కలిసింది.

"మంచు పడింది. పాకలో కుక్క లేదని తెలిసి పని వంకతో దూరాడు."

"ఊఁ, ఊఁ!"

వాడికి హుషారొచ్చింది. నిజం చెప్పాలంటే జంబులింగం కథ ఇన్నాళ్ళలో ఎవరూ ఇంత ఇష్టంగా వినలేదు. ఊఁ పెరిగేకొద్దీ వాడి మనసు ఉబ్బిపోయింది. ఆకలి మర్చిపోయాడు, వచ్చిన పని మర్చిపోయాడు. లేచి నిలబడి, తోక తిప్పుతూ అభినయం కూడా మొదలెట్టాడు.

"అందరి చేతా గొడ్డుచాకిరీ చేయించాడు! ఎద్దు పలక లాగి లాగి కూలబడాలి! మేక కప్పు ఎక్కి ఎక్కి సోలిపోవాలి! అప్పుడు వాళ్ళకి చప్పటి కథ చెప్పి నిద్రపుచ్చి..."

"ఊఁ!" పాక దద్దరిల్లింది.

"...ఏడు కోడిపిల్లల్నీ..."

ఏడు సన్నటి గొంతులు ఒకేసారి "ఊఁ" అన్నాయి.

జంబులింగం నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. ఓబులేసు లేచి నిలబడి ఉన్నాడు. ఒక కునుకు తీశాడేమో, మొహం తేటగా ఉంది, కొమ్ములు ఇంకా తేటగా ఉన్నాయి. తిమ్మక్క నోట్లో గడ్డి నమలడం కూడా మానేసి చూస్తోంది. సింగారమ్మ కళ్ళు విప్పారి ఉన్నాయి. అవి అసలు మూతపడలేదని వాడికి ఇప్పుడర్థమైంది. నిద్రపోతున్నది ఒక్క చెంద్రమ్మే. నోట్లో నెమరు తిరుగుతోంది.

"ఊఁ," అంది చెంద్రమ్మ నిద్రలో.

"మా చెంద్రమ్మకి చిన్నప్పట్నుంచీ అంతే అన్నా," అంది సింగారమ్మ. "నెమరు ముద్ద గొంతులోకి వచ్చినప్పుడల్లా నిద్రలో ఊఁ అంటుంది. మూడేళ్ళుగా దాని పక్కనే పడుకుంటున్నా, నాకు తెలీదూ? నువ్వు రెండో కోడలు దగ్గరికొచ్చేసరికే మంచి నిద్రలో ఉంది."

"మరి నేను రెండు జాములు..."

"చక్కగా చెప్పావు. ఆలోగా మామ అలసట తీరింది."

జంబులింగం రెండడుగులు వెనక్కి వేశాడు. ఓబులేసు ఒక అడుగు ముందుకేశాడు.

"కథ ఆపావు అల్లుడూ," అన్నాడు నెమ్మదిగా. "పద్ధతి పద్ధతే. తలుపు అటుంది."

నక్క తోక ముడుచుకుని మంచులోకి దిగాడు. వెనకాల పాకంతా పగలబడి నవ్వుతోంది. కోడిపిల్లలు ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నాయి. తిమ్మక్క గుమ్మం దాకా వచ్చి కేకేసింది.

"బావా! చచ్చిన రాజుకి పెళ్ళయిందా లేదా? అదైనా చెప్పిపో!"

 కథ ఏ ఊరు చేరిందో గానీ, నక్క మాత్రం ఖాళీ కడుపుతో అడవి చేరాడు.

నీతి: ఎదుటివాళ్ళ కళ్ళు మూయించాలని నోరు తెరిచినవాడు ఆఖరికి తన గుట్టే బయటపెట్టుకుంటాడు.