పట్టాభి వదిలిన పట్టు

అనగనగా అంటే మరీ తాతల నాటి అనగనగా కాదర్రా. ఆ అడవిలో ఇప్పచెట్లు ఇంకా గుంపులు గుంపులుగా ఉన్న రోజులు. అడవి మధ్యలో ఒక వాగు. వాగుకి ఇటొక కాలేజీ, అటొక కాలేజీ. ఇటు చదివేవాళ్ళని ఇవతలొడ్డువాళ్ళు అనేవారు, అటు చదివేవాళ్ళని అవతలొడ్డువాళ్ళు అనేవారు. జంతువులకి కాలేజీ ఏమిటని అడక్కండి. కథల్లో అవి మాట్లాడతాయంటే ఊ కొడతారుగా, చదువుతాయంటే మాత్రం నొప్పేమిటి?

ఇవతలొడ్డు కాలేజీలో ఒక ఉడుము ఉండేవాడు. పేరు పట్టాభి. ఉడుంపట్టు అనే మాట వినే ఉంటారు. ఉడుము ఒకసారి పట్టిందంటే గోడ ఊడి రావాలి గాని పట్టు ఊడదు. పట్టాభి వాళ్ళింట్లో పొద్దున్న లేస్తే అదే మాట. అన్నం పెడుతూ కూడా వాళ్ళమ్మ, "మనది పట్టున్న వంశం నాయనా, పట్టింది వదలకూడదు" అనేది. వాడు ముద్ద కూడా గట్టిగా పట్టుకుని తినేవాడు పాపం.

ఏటా ఇప్పపూలు రాలే రోజుల్లో రెండు కాలేజీలకీ గరికబయల్లో బుర్రాట జరిగేది. ఆ రోజులే వేరు. కిందంతా పూల వాసన, పైన ఎండ, గరిక మీద ధూళి. అడవి అడవంతా పనులు మానుకుని వచ్చి కూర్చునేది. ముసలి ఎలుగుబంట్లు కూడా కర్ర పట్టుకుని వచ్చేవి. ఇప్పుడు చెప్తుంటే ఆ ధూళి నా గొంతులో పడ్డట్టే ఉంది.

ఆట సంగతి చెప్తాను, సరిగ్గా వినండి. ఎండిన సొరబుర్రకి నార చుట్టి బంతిలా చేస్తారు. ఒకడి చేతికి ఇస్తారు. వాడే బుర్రగాడు. చేతిలో బుర్ర ఉంది కాబట్టి బుర్రగాడు, నెత్తిలో ఉందో లేదో అది వేరే సంగతి. వాడు తనవాళ్ళ వెనక నిలబడి, ముందుకు పరిగెత్తే జట్టువాడికి ఆ బుర్ర విసరాలి, లేదా తానే పట్టుకుని పరిగెత్తాలి. బుర్ర బయలు చివరి తంగేడుపొదలు దాటితే వాళ్ళకి ఒక దాటు. దాటకుండా ఆపడం ఎదుటి జట్టు పని. పొద్దువాలేసరికి ఎవరి దాటులు ఎక్కువైతే వాళ్ళది ఆట. సమానంగా ఉంటే చివరిసారి ఆపినవాళ్ళది గెలుపు.

బయలు పక్కనే ఒక నల్లబండ ఉండేది. బుర్రగాణ్ణి పట్టుకుని పడగొట్టినవాడికి ఒక మర్యాద చేసేవారు. ఆట అయ్యాక వాగులో ఎర్రమట్టి తెచ్చి, వాడి పాదం ముంచి, ఆ బండ మీద ముద్ర వేయించేవారు. పట్టాభి వాళ్ళ తాత ముద్ర ఉంది అక్కడ. వాళ్ళ నాన్న ముద్రా ఉంది. నాన్న ముద్ర పక్కన కాస్త ఖాళీ ఉంది. చిన్నప్పటినుంచీ వాడు ఆ ఖాళీలో కాలు పెట్టి కొలుచుకునేవాడు. ఇప్పుడు కాలు సరిగ్గా సరిపోతోంది. కాలేజీలో వాడికి అదే ఆఖరి ఏడు. ఆ ఏడు ముద్ర పడకపోతే ఇక ఎప్పటికీ పడదు.

వాళ్ళ నాన్న కాలంలో బుర్రగాళ్ళు నిలబడి విసిరేవాళ్ళు. అప్పటి బుర్రగాడు ఒక అడవిదున్న. మహానుభావుడు, నిలబడ్డచోటు నుంచి కదిలేవాడు కాదు. పట్టాభి నాన్న నేరుగా పోయి కాలు పట్టుకునేవాడు, అంతే, పని అయిపోయేది.

ఈ ఏడు అవతలొడ్డు బుర్రగాడు ఒక కొండముచ్చు. పేరు చలపతి. పేరుకి తగ్గట్టే ఒక్కచోట నిలిచేవాడు కాదు. విసురుతాడనుకుంటే పరిగెత్తేవాడు. పరిగెత్తుతాడనుకుంటే విసిరేవాడు. రెండూ చేతనైనవాడితో చచ్చే చావు కదా.

పట్టాభిని వాగు వైపు అంచులో నిలబెట్టారు. వాడికి లోపలి పక్కన అడవిపంది వరాలు. మంచి పిల్ల, ఎదురొస్తే చెట్టునైనా గుద్దేస్తుంది, కానీ మలుపు తిరగడం రాదు. వీళ్ళకి ఆట నేర్పే గురువు కూర్మారావు మాస్టారు. తాబేలు. ఆయన నడక మీద పిల్లలు నవ్వుకునేవాళ్ళు గాని, ఆయన మాట మీద ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

ఆట మొదలైంది. చలపతి బుర్ర పట్టుకుని పట్టాభి వైపు రెండంగలు వేసి ఆగాడు. కళ్ళు ఎడమకి తిప్పాడు. పట్టాభి గోళ్ళు జివ్వుమన్నాయి. ఇంకేముంది, ఎడమకి ఎగిరాడు. చలపతి కుడి నుంచి వాగు అంచమ్మట పోయాడు. అక్కడ కాపలా ఉండాల్సింది పట్టాభే. పట్టాభి గాల్లో ఉన్నాడు. బుర్ర తంగేడుపొదలు దాటింది.

వరాలు, "ఒరేయ్, నీ చోటు వదిలేసి ఎక్కడికి పోయావురా?" అంది.

"ఈసారి చూడు" అన్నాడు పట్టాభి.

అందరూ చూశారు. రెండోసారి చలపతి చెయ్యి పైకెత్తాడు, విసరబోతున్నట్టు. పట్టాభి ఆగలేదు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి మీదకి దూకాడు. పట్టు దొరికింది కూడా. దొరికింది తోక చివర. చలపతి పోయాడు, బుర్రా దాటిపోయింది, పట్టాభి నోట్లో నాలుగు తోకవెంట్రుకలు మిగిలాయి. బయలంతా నవ్వింది. ఆ ముసలి ఎలుగుబంట్లు కూడా కర్రలు పక్కన పెట్టి మరీ నవ్వాయి. వాడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మిగతావాళ్ళు మాత్రం బాగా ఆడారు. ఇవతలొడ్డుకీ రెండు దాటులు వచ్చాయి. ఆట సమానమైంది. చివరి దఫా ముందు అందరూ నీళ్ళు తాగడానికి ఆగారు. పట్టాభి ఇప్పచెట్టు కింద ఒంటరిగా కూర్చున్నాడు. కూర్మారావు మాస్టారు నిదానంగా నడిచి వచ్చేసరికి సగం విరామం అయిపోయింది.

"ఏరా, ఏం చూసి దూకావు?" అన్నాడు మాస్టారు.

"వాడి కళ్ళు చూసి మాస్టారూ. తర్వాత చెయ్యి చూసి."

"కళ్ళు అబద్ధం ఆడతాయి. చెయ్యీ అబద్ధం ఆడుతుంది. నడుం ఆడదు. నడుం ఎటు తిరిగితే వాడు అటే పోవాలి. ఈసారి నడుం చూడు."

"చూసి దూకుతాను."

"దూకొద్దు" అన్నాడు మాస్టారు. "నీ అంచులో నువ్వు నిలబడు. వాడు ఒకడుగు వేస్తే నువ్వూ ఒకడుగు వెయ్యి. మీద పడకు. వాగు వైపు దారి లేదని వాడికి తెలియాలి. అప్పుడు లోపలికి తిరుగుతాడు. లోపల వరాలు ఉంది."

పట్టాభి గరికపోచ ఒకటి పీకి పక్కన పడేశాడు.

"అంటే వరాలు పట్టుకుంటుంది."

"అవును."

"మరి నా ముద్రో మాస్టారూ?"

మాస్టారు పిల్లల్ని మభ్యపెట్టే రకం కాదు. "నీ ముద్ర పడదురా" అన్నాడు.

పట్టాభికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా నాన్న ఇలాగే పట్టాడు. మా తాతా ఇలాగే పట్టాడు. నాకు మాత్రం పట్టొద్దంటున్నారు."

"మీ నాన్న పట్టింది నిలబడ్డవాణ్ణి. నీ ఎదురుగా ఉన్నవాడు కదిలేవాడు. ఒరేయ్ పట్టాభీ, పట్టూ విడుపూ అంటారు పెద్దలు. రెండూ కలిపే ఎందుకన్నారు? మీ ఇంట్లో సగం మాటే నేర్పారు."

చెప్పాల్సింది చెప్పి ఆయన వెళ్ళిపోయాడు. బలవంతం చెయ్యలేదు. చోటు వాడిది, నిర్ణయం వాడిది.

పొద్దు కొండమీదకి వాలింది. ఆఖరి దఫా. బుర్ర దాటితే ఆట అవతలొడ్డుది, ఆగితే ఇవతలొడ్డుది. చలపతి బుర్ర అందుకున్నాడు. తనవాళ్ళ వెనక నుంచి మెల్లిగా వాగు వైపు వచ్చాడు. నేరుగా పట్టాభి ముందుకొచ్చి ఆగాడు. చెయ్యి చాపితే అందేంత దగ్గర.

"రా బావా, పట్టు" అన్నాడు.

రెండొడ్లవాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు బావా అని ఎగతాళిగా పిలుచుకునేవారు లెండి. అప్పటి సరదాలు అవి.

చలపతి ఎడమకాలు ముందుకు చాపాడు. కదలని కాలు, సరిగ్గా ఎదురుగా. పట్టాభి నాన్న పట్టుకున్నది కూడా అలాంటి కాలే. పట్టాభి గోళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. నల్లబండ మీద ఖాళీ కళ్ళముందు ఆడింది. ఇంట్లో ఎదురుచూస్తున్న అమ్మ గుర్తొచ్చింది. ఒక్క దూకు చాలు అనిపించింది. దేవుడా, ఎంత ఆశ పెట్టావు అనుకున్నాడు.

అప్పుడు నడుం చూశాడు. కాలు ముందుకొచ్చింది గాని నడుం వాగు వైపే ఉంది. కాలు ఎర. దూకితే వాడు అంచమ్మట పోతాడు, ఇందాకటిలాగే.

పట్టాభి దూకలేదు. ఒకడుగు వాగు వైపు జరిగి నిలబడ్డాడు.

చలపతి కళ్ళు తిప్పాడు. పట్టాభి కదల్లేదు. చెయ్యెత్తాడు. పట్టాభి కదల్లేదు. వాగు వైపు అంగ వేశాడు. పట్టాభీ అంగ వేశాడు. మళ్ళీ వేశాడు. పట్టాభీ మళ్ళీ వేశాడు. చలపతికి మొదటిసారి ఏం చెయ్యాలో తోచలేదు. విసురుదామంటే అతని జట్టువాళ్ళని మిగతా కాపలావాళ్ళు కమ్ముకునే ఉన్నారు. వాగు వైపు దారి లేదు. ఇక మిగిలింది లోపలి దారే. నడుం లోపలికి తిరిగింది.

వరాలుకి మలుపు తిరగడం రాదన్నానుగా. ఈసారి తిరగాల్సిన అవసరమే రాలేదు. చలపతే ఆమెకి ఎదురొచ్చాడు. గుద్దిన గుద్దుకి చలపతి వెల్లకిలా పడ్డాడు, బుర్ర దొర్లుకుంటూ పోయి గరికలో ఆగింది.

ఇవతలొడ్డు గెలిచింది. అందరూ వరాలుని ఎత్తుకున్నారు. ఎర్రమట్టి తెచ్చారు. ఆమె కాలు ముంచబోతుంటే వరాలు ఆగి, "పట్టాభీ, నువ్వూ రారా. ఇద్దరం వేద్దాం" అంది.

"పట్టింది నువ్వు" అన్నాడు పట్టాభి. "ఆనవాయితీ ఆనవాయితీయే. వెయ్యి."

ఆమె గిట్ట ముద్ర పట్టాభి నాన్న ముద్ర పక్కనే, ఆ ఖాళీలోనే పడింది. పట్టాభి చప్పట్లు కొట్టాడు. కొడుతూనే ఏడ్చాడు. గెలిచిన సంతోషం నిజమే, పోయిన బాధా నిజమే. రెండూ ఒకేసారి ఉంటాయర్రా, పెద్దయ్యాక మీకే తెలుస్తుంది.

ఇంటికెళ్తే వాళ్ళమ్మ గుమ్మంలోనే అడిగింది. "ముద్ర పడిందా నాయనా?"

"పడలేదమ్మా."

"మరి గెలిచారటగా?"

"గెలిచాం."

వాళ్ళమ్మ వేడివేడిగా అన్నం పెట్టి, తినేదాకా పక్కనే కూర్చుంది.

కాలం ఆగుతుందా? వాగు సన్నబడింది. ఇప్పచెట్లు పలచబడ్డాయి. కాలేజీలు కొండకి అవతల ఎక్కడికో మారిపోయాయి. గరికబయల్లో తంగేడు పెరిగి బయలే లేకుండా పోయింది. కూర్మారావు మాస్టారు వేరే నీళ్ళు వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆయన నడకకి ఇప్పటికి చేరి ఉంటాడో లేదో. పట్టాభి ముసలివాడయ్యాడు. మధ్యాహ్నం పూట ఎండ కాచుకుంటూ ఆ రోజులు తల్చుకునేవాడు. పిల్ల ఉడుములు చేరి, "తాతా, బుర్రాటలో నువ్వెవరినైనా పట్టావా?" అని అడిగితే, "లేదర్రా" అనేవాడు. వాళ్ళు పరిగెత్తి ఆడుకోవడానికి పోయేవాళ్ళు.

ఒకరోజు ఒక ముసలి కొండముచ్చు కర్ర పొడుచుకుంటూ వాగు దాటి వచ్చాడు. చలపతే. ఆ పరుగంతా ఏమైపోయిందో, వాగు దాటడానికే ఆయాసపడ్డాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. చాలాసేపు ఇప్పపూల గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకున్నారు.

ఉన్నట్టుండి చలపతి అన్నాడు. "మా మనవలు అడుగుతుంటారు బావా. నిన్ను పట్టిందెవరు తాతా అంటారు. వరాలు అని చెప్తాను. ఉన్నమాట చెప్పాలిగా."

"అవును, వరాలే" అన్నాడు పట్టాభి.

"మరి ఎవరిని చూసి భయపడ్డావు తాతా అని అడుగుతారు. అప్పుడు మాత్రం నీ పేరే చెప్తాను. దూకినవాళ్ళందరినీ దాటాను బావా నేను. దూకని నిన్ను దాటలేకపోయాను."

పట్టాభి చెవులు పదునుగానే ఉన్నాయి. ఆకు రాలినా వినపడేది వాడికి. అయినా తల పక్కకి వంచి అన్నాడు.

"సరిగ్గా వినపడలేదు బావా. మళ్ళీ చెప్పు."

చలపతి మళ్ళీ చెప్పాడు.

నీతి: పట్టడం ఎవరికైనా వచ్చు; పదిమంది కోసం తన చోట తాను నిలిచి పట్టు విడవగలిగినవాడే గట్టివాడు.