బండి వెనక చేతులు

హుస్సేన్‌బీకి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. ముద్ద ఎత్తితే చాలు, ఆ విదేశీ ఆవిడ నవ్వు కళ్ళముందుకొస్తోంది.

పట్నంలో సోలార్ సామాన్ల ఎగ్జిబిషన్‌లో చూసిందామెను. తనలాగే సోలార్ లాంతర్లు చేయించే మనిషి. తన ఈడుదే. హుస్సేన్‌బీ లాంతరు చేతిలోకి తీసుకుని, బాగుందని తలూపి నవ్వింది.

మర్నాడే, హుస్సేన్‌బీ సరుకంతా కొనే షావుకారు ఆమె సరుక్కి మారిపోయాడు. ధర సగమే మరి.

ఆమె షెడ్డులో లాంతర్లు బిగించే ఆడవాళ్ళు పన్నెండు మంది. షెడ్డు రంజాన్ దాకా కూడా నడిచేలా లేదు.

కొండ మీది దర్గాకు వెళ్ళి సత్తార్ బాబా ముందు కూర్చుంది. పదిహేనేళ్ళుగా ఆమెకు ఆయనే గురువు.

"వాళ్ళ సర్కారు ఆమెకు స్థలం ఊరికే ఇచ్చిందంట బాబా. కరెంటు ఊరికే. అప్పుకు వడ్డీ లేదు. అంత అండ ఉంటే ఎవరైనా నవ్వుతారు! నేను ఈ రెండు చేతులతో పైకొచ్చినదాన్ని."

"ఏం కావాలి బేటీ?"

"ఆమె ఫ్యాక్టరీ మూతపడాలి. దువా చెయ్యండి."

బాబా కోప్పడలేదు.

"దువా అడిగినవాళ్ళు కొండకు ఒక బండి నీళ్ళు చేర్చాలి కదా. పద."

కింద బోరు దగ్గర డ్రమ్ము నింపారు. హుస్సేన్‌బీ బండి ముందు నిలబడి లాగే కర్ర పట్టుకుంది. బాబా బండి వెనక్కి వెళ్ళాడు.

మొదట బండి కదల్లేదు. ఆ నవ్వు గుర్తు చేసుకుంది. కదిలింది. చడావు ఎక్కేటప్పుడు కూడా ఆగలేదు. కోపానికి ఇంత బలముంటుందా అనుకుంది.

సగం దారిలో సుంకన్న ఇంకో బండి లాగుతున్నాడు. దర్గా వంటకు కూలికి నీళ్ళు చేర్చే మనిషి. ఒకప్పుడు బజారులో తోపుడుబండ్ల వాళ్ళకు పెట్రోమాక్స్ లైట్లు అద్దెకిచ్చేవాడు. హుస్సేన్‌బీ లాంతర్లు సగం ధరకే ఆ బండ్లన్నిటికీ చేరిన ఏడాది అంగడి మూసుకున్నాడు. మిగతా సగం ధర మన సర్కారు భరించింది.

హుస్సేన్‌బీ అతన్ని దాటేసింది.

"ఏం సుంకన్నా, అప్పుడే ముసలోడివైపోయినావా?"

సుంకన్న తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"నీకేంలే అమ్మా. అప్పుడూ వెనక తోసేవాళ్ళున్నారు, ఇప్పుడూ ఉన్నారు."

"నన్నెవరు తోసినారు?" అంటూ వెనక్కి తిరిగింది.

బాబా అరచేతులు రెండూ డ్రమ్ముకు ఆన్చి ఉన్నాయి. ఆయన గడ్డంలోంచి చెమట కారుతోంది.

పైకి చేరాక నీళ్ళు తొట్టిలోకి వంపారు. బాబా రొప్పు తగ్గేదాకా ఆగి అడిగాడు.

"ఇప్పుడు చెప్పు. ఏమని దువా చెయ్యమంటావు?"

హుస్సేన్‌బీ తాము ఎక్కివచ్చిన దారి వైపు చూసింది. ఆ నవ్వు ఇంకా గుచ్చుతూనే ఉంది.

కింద మలుపులో సుంకన్న బండి చక్రానికి రాయి అడ్డుపడింది. బండి ఆగిపోయింది.

ఆమె కొంగు బిగించి దిగింది. బండి వెనక్కి వెళ్ళి, చేతులు ఆన్చి తోసింది.

చక్రం రాయి దాటింది.

"ఎవరదీ?" అన్నాడు సుంకన్న, ముందుకే చూస్తూ.

హుస్సేన్‌బీ చేతులు తియ్యకుండా ఇంకాస్త తోసింది.