పువ్వంత తీపి

తాయారమ్మగారికి అడిగిన ప్రశ్నకి ఆ పూటే జవాబు చెప్పే అలవాటు లేదు. "నానబెట్టమ్మా, నానితే అదే మొలకెత్తుతుంది" అనేవారు. కోనసీమలో కాలువగట్టున ఉన్న ఆవిడ ఆశ్రమం పెద్దదేమీ కాదు. నాలుగు గదుల పెంకుటిల్లు, వెనకాల వంటసాల, చుట్టూ పూలతోట. శనివారాలు భాగవతం వినడానికి వచ్చేవాళ్ళూ, పదిరోజులుండి సేవ చేసుకుని వెళ్ళేవాళ్ళూ, అంతే.

ఆ వంటసాల భారమంతా సీతారత్నానిది. ఆమె చేతి చక్రపొంగలి గురించి ఏటి అవతలి ఊళ్ళలో కూడా చెప్పుకునేవాళ్ళు. వడ్డనకి దిగిందంటే మాత్రం అందరికీ గుండెదడే. "ఇంకొక్క గరిటె, నా మీద ఒట్టు" అంటూ వెంటపడేది. తెలిసినవాళ్ళు ఆమె పంక్తి మొదట్లో ఉండగానే విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. ఒకాయన గరిటెకి దడిసి భోజనం సగంలో ఉత్తరాపోశనం పట్టేశాడని నవ్వుకునేవారు కూడా. ఆ నవ్వులు సీతారత్నం చెవిన పడకపోలేదు.

ఒకరోజు సాయంత్రం పూలు గుచ్చుతూ ఆమె అడిగేసింది. "అమ్మగారూ, నేను ఎవరికీ లోటు చెయ్యలేదండి. కన్నకూతురికన్నా మిన్నగా చూసుకున్న కోడలు ఆర్నెల్లు తిరక్కుండా వేరే పొయ్యి పెట్టుకుంది. ఇక్కడా నన్ను చూడగానే విస్తరి మడిచేస్తున్నారు. ఇంత ప్రేమగా పెడితే పుచ్చుకోరేమండి? లోపం పెట్టేవాళ్ళదా, తినేవాళ్ళదా?" అడుగుతూ అడుగుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తాయారమ్మగారు దండ ముడి వేసి, "నానబెట్టమ్మా" అన్నారు.

ఆ వారంలోనే వైశాఖపు గాలివాన వచ్చింది. ఒక్క పూటలో తోట బోడిదైపోయింది. మందారాలు, గన్నేర్లు, దేవకాంచనాలు అన్నీ మొదళ్ళకంటా ఒరిగాయి. దేవుడికి ఆ ఉదయం తులసిదళం ఒక్కటే దక్కింది. కానీ వంటసాల వసారాలో, బట్టలారేసే తీగెకి వేలాడే తేనెపిట్టల గూడు మాత్రం చెక్కు చెదరలేదు. సాలెపోగులూ కొబ్బరిపీచూ కలిపి అల్లిన చిన్న సంచి అది. సీతారత్నం చింపి పడేసిన పాత పంచాంగం ముక్క కూడా ఒకటి అందులో ఉంది. లోపల రెండు పిల్లలు నోళ్ళు తెరుచుకుని అరుస్తున్నాయి.

తోట చూసుకునే గవర్రాజు తల గోక్కున్నాడు. "మళ్ళీ పూత రావాలంటే పదిరోజులు పట్టుద్దండి. పిల్లలకి పురుగో పుట్రో దొరుకుద్ది. మరి తేనె లేకపోతే పెద్దవాటికి ఓపికెక్కడిదండి? అవి పడిపోతే పిల్లలకి తెచ్చేదెవరండి?"

"నేను లేనూ!" అంది సీతారత్నం. ఆ మాట అంటూండగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

గవర్రాజు ఖాళీ టానిక్ సీసా ఎర్రమూతకి సన్నటి బెజ్జాలు పొడిచి, పిట్ట వాలడానికి ఈనెపుల్ల కట్టి, గూటికి కాస్త దూరంలో తలకిందులుగా వేలాడదీశాడు. సీతారత్నం తలారా స్నానం చేసి మడి కట్టుకుని వంటసాలకి వెళ్ళింది. మొదటిరకం పుట్టతేనె తీసింది. అందులో కొత్తబెల్లం కరిగించి, వడకట్టి, యాలకులపొడి వేసి, చిటికెడు కుంకుమపువ్వు, రవ్వంత పచ్చకర్పూరం కలిపింది. వాసనకి ఆశ్రమమంతా ముక్కులెగరేసింది. అటుగా వచ్చిన తాయారమ్మగారు ఒకే ఒక్క మాట అడిగారు. "రుచి చూశావా?"

"అపచారమండి! జీవుళ్ళకి పెట్టేది నైవేద్యమే కదా. ముప్పయ్యేళ్ళుగా నైవేద్యాన్ని ఎంగిలి చెయ్యలేదు, ఇప్పుడు చేస్తానా?"

ఆవిడ తల ఊపి వెళ్ళిపోయారు.

ఆడపిట్ట వచ్చింది, పుల్ల మీద వాలింది, ముక్కు పెట్టింది. వెంటనే తల విదిలించి ఎగిరిపోయింది. మగపిట్టదీ అదే తంతు. మర్నాటికి ఆ ఎండకి సీసాలో నురగ వచ్చి పుల్లటి వాసన కొట్టింది. "ఆయ్, రత్నంగారూ, ఇది పిట్టలకి కాదు గానీండి, ఇంకో రెండ్రోజులుంచితే గీతకార్మికులు వచ్చి దణ్ణం పెట్టేసేలా ఉన్నారండి" అన్నాడు గవర్రాజు. అందరూ నవ్వారు. సీతారత్నం నవ్వలేదు. తీపి చాల్లేదేమో అనుకుని, ఈసారి పంచదార తీగపాకం పట్టి పోసింది. అది మూత బెజ్జాల్లోనే గడ్డకట్టింది.

మూడోనాటికి ఆడపిట్ట ఈకలు ఉబ్బించుకుని తీగె మీద కూర్చుండిపోయింది. కళ్ళు మూతపడిపోతున్నాయి. గూట్లో అరుపులు సన్నబడ్డాయి. సీతారత్నం వసారా అరుగు మీద కూలబడింది. పొద్దున్నించి ఆమె గుక్కెడు నీళ్ళు తాగలేదు. "నా చేతిలోనే ఏదో దోషముందండి. మనుషులే అనుకున్నాను, పిట్టలు కూడా నన్ను చూసి పారిపోతున్నాయి. అవి పోతే ఆ పాపం నాదేనండి."

తాయారమ్మగారు ఆమె చెయ్యి పట్టుకుని లేపి నీళ్ళతొట్టి వెనక్కి తీసుకెళ్ళారు. అక్కడ గోడ చాటున ఒక నూరువరహాల మొక్క, దాని మీద ఒకే ఒక్క ఎర్రగుత్తి బతికి ఉన్నాయి. పిట్టలు అప్పటికే దాన్ని సగం జల్లెడ పట్టేశాయి. ఆవిడ విచ్చీవిచ్చని పువ్వొకటి తుంపి సీతారత్నం చేతిలో పెట్టారు. "నోట్లో పెట్టుకో."

"పూజకుండాలండి, ఉన్నదే ఒక్క గుత్తి..."

"ఇవాళ్టి పూజ ఇదే. పెట్టుకో."

సీతారత్నం చుట్టూ చూసింది, ఎవరైనా నవ్వుతారేమోనని. పువ్వు కాడ చివర గోటితో తుంచి, లోపలి సన్నటి పోగుని మెల్లగా లాగింది. చివర ఆవగింజంత బొట్టు మెరిసింది. నాలుక మీద పెట్టుకుంది. తొమ్మిదేళ్ళప్పుడు అక్కచెల్లెళ్ళతో కలిసి గుత్తులు గుత్తులు పీల్చేసి అమ్మమ్మ చేత దెబ్బలు తిన్న రుచి అది. ఆమెకి తెలియకుండానే నవ్వొచ్చేసింది.

"ఎలా ఉంది?"

"తీపేనండి... కానీ ఉందా లేదా అన్నట్టుంది."

"మర్చిపోకు ఆ రుచి. నాలుక మీద పెట్టుకునే వంటసాలకి పో."

ఆమె ఆ రోజు దారిలో ఎవరితోనూ మాట్లాడలేదు, నోరు తెరిస్తే ఆ రుచి ఎగిరిపోతుందేమోనని. గిన్నెలో ఒక గ్లాసు పంచదార వేసింది, తేనె ముట్టలేదు, బెల్లం జోలికి పోలేదు. రెండు గ్లాసుల నీళ్ళు పోసి కరిగించింది. ఒక్క క్షణం ఆగి, ముప్పయ్యేళ్ళ నియమాన్ని దేవుడికి అప్పజెప్పి, చెంచాతో అరచేతిలో వేసుకుని నాలుకకి తాకించింది. పువ్వులా లేదు. మూడో గ్లాసు పోసింది. దగ్గరికి వచ్చింది గానీ ఇంకా గట్టిగానే ఉంది. నాలుగో గ్లాసు పోసి మళ్ళీ చూసింది. "ఇదీ!" అని ఆమె పెట్టిన కేకకి గవర్రాజు పార పడేసి పరిగెత్తుకొచ్చాడు. ఒక్క పొంగు రానిచ్చి, చల్లార్చి, వేణ్ణీళ్ళతో కడిగిన సీసాలో పోసింది. రంగు లేదు, వాసన లేదు. చూస్తే ఉత్త నీళ్ళే. పెట్టడానికి ఆమెకే సిగ్గేసింది.

తాయారమ్మగారితో సహా అందరూ వంటసాల గుమ్మం వెనక నక్కి కూర్చున్నారు. ఎంతసేపటికో ఆడపిట్ట కదిలింది. తూలుతూ ఎగిరి పుల్ల మీద వాలింది, ముక్కు పెట్టింది, తీసింది. పిట్ట మళ్ళీ ముక్కు పెట్టింది. ఈసారి తియ్యలేదు. దాని గొంతు చిన్నగా కొట్టుకోవడం గుమ్మం దాకా కనిపించింది.

"దిగిందండోయ్ గుటక!" అని గవర్రాజు చప్పట్లు కొట్టబోతే పక్కనున్నవాళ్ళు వాడి చేతులు పట్టేసుకున్నారు. ఆడపిట్ట తాగి ఈకలు సర్దుకుంది. సర్రున తోటలోకి పోయి, ముక్కున పచ్చపురుగుతో గూటి ముందు వాలింది. లోపల్నుంచి రెండు నోళ్ళూ ఒక్కసారే అరిచాయి. మగపిట్ట సీసా చుట్టూ గింగిరాలు తిరుగుతూ, ఎండలో ఊదారంగు రవ్వలా మెరిసింది. సీతారత్నం ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

ఆ మధ్యాహ్నం వడ్డనలో ఆమె ధ్యాసంతా వసారా మీదే. ఒకసారి వడ్డించి, గరిటె పట్టుకుని అటే చూస్తూ నిలబడిపోయింది. పంక్తిలోంచి ఎవరో, "అమ్మా, ఇంకాస్త చారు పోయించండి" అన్నారు. ఇంకొకరు, "ఇటు కూడా" అన్నారు. ఆమె ఉలిక్కిపడి చూసింది. ఇన్నాళ్ళలో ఆ ఇంట ఆమెని ఒకరు అడిగి వడ్డించుకోవడం అదే మొదలు.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే సీసా కడగడం, ఒకటికి నాలుగు కలపడం, నాలుకకి తాకించి చూసుకోవడం ఆమె పనైంది. ఎనిమిదో నాడు పిల్లలు గూడు అంచున నిలబడి, ఒకదాన్నొకటి తోసుకుని, కిందపడబోయి ఎగిరాయి. ఆశ్రమంలో ఆ రోజు పాయసం. పన్నెండో నాటికి తోట తేరుకుంది. మొదటి మందారం విచ్చింది, గన్నేరు మొగ్గలేసింది. నాలుగు పిట్టలూ అటే.

ఆ ఉదయం సీతారత్నం సీసా పట్టుకుని తాయారమ్మగారి దగ్గరికి వచ్చింది. "చూడండి అమ్మగారూ, నిన్న పోసింది పోసినట్టే ఉంది. అంచు కూడా తగ్గలేదు. తోట నిండా పూలే అనుకోండి, అయినా ఇది చేతికందేదే కదా. ఇవాళ కూడా నింపి పెట్టమంటారా?"

ఆవిడ తోటకేసి చూశారు. ఎర్రమందారంలో తల దాకా దూర్చేసి, తోక ఒక్కటే బయట పెట్టి ఆడిస్తోంది పిల్లపిట్ట. తాయారమ్మగారికి నవ్వాగలేదు. సీతారత్నానికీ ఆగలేదు. ఆ నవ్వులోనే ఆవిడ సీసా అందుకుని మూత విప్పారు, నీళ్ళు మొక్క మొదట్లో పోసి సీసా తిరిగి ఆమె చేతికిచ్చారు.

"కడిగి దాచమ్మా. వాటి ఆకలి తీరింది. ఇక తీరాల్సింది పెట్టాలన్న నీ ఆకలే."