సన్యాసిరావు ఇంటికి సోఫా వచ్చిన వారం

పుణెలో మూడో అంతస్తులో ఒక చిన్న ఫ్లాట్. అందులో సన్యాసిరావు, అతని భార్య వరహాలు, తొమ్మిదేళ్ళ కూతురు చంద్రిక, ఆరేళ్ళ కొడుకు గగన్ ఉండేవారు. నలుగురివీ నాలుగు బుర్రలు. నాలుగూ ఒక్కలాగే పనిచేసేవి. అది వాళ్ళకి మహా గర్వం.

"విజయనగరం నుంచి ఇంత దూరం వచ్చి పిల్లల్ని పెంచుతున్నాం," అని సన్యాసిరావు పళ్ళు తోముకుంటూ రోజూ చెప్పేవాడు. "ఇక్కడ చుట్టాలు లేరు. తప్పు జరిగితే వెనకేసుకొచ్చేవాళ్ళు లేరు. అందుకని ఎవరేం చెబితే అది అక్షరం పొల్లుపోకుండా చేసేస్తే సరి. ఇంక తప్పెక్కడ జరుగుతుంది?"

"తెలివంటే అదీ!" అనేది వరహాలు.

స్కూలు తెరిచిన రోజున టీచరు, పిల్లలు తెచ్చే ప్రతి వస్తువు మీదా పేరు రాసి పంపమంది. అంతే. వరహాలు తెల్లారగట్ల లేచి ఒక్కో ఇడ్లీ మీదా సూదితో 'చంద్రిక' అని చెక్కింది. అరటిపండు మీద సన్యాసిరావు పెన్నుతో రాశాడు. పెరుగన్నం మీద ఎలా రాయాలో ఎంత ఆలోచించినా తోచక, ఆ ఏడాదంతా పెరుగన్నం మానేశారు. "ఈ స్కూల్లో ఇంత శ్రద్ధగా చేసిన తల్లిదండ్రులు ఇంకొకరు ఉండరు," అనుకున్నాడు సన్యాసిరావు. నిజమే, ఇంకొకరు లేరు.

అలాంటి ఇంటికి ఒక మంగళవారం కష్టం వచ్చిపడింది. చంద్రిక స్కూలు నుంచి వచ్చి, సంచీ కూడా దించకుండా గుమ్మంలోనే నిలబడింది.

"నాన్నా, ఆదివారం నాలుగింటికి నా ఫ్రెండ్స్ ఐదుగురూ మనింటికొస్తామన్నారు."

"రానీమ్మా! మంచిదే కదా."

"వాళ్ళందరి ఇళ్ళల్లో సోఫాలున్నాయి నాన్నా. నేను అందరి సోఫాల మీదా కూర్చున్నాను. మనింట్లో చాపే కదా ఉంది? నచ్చకపోతే మళ్ళీ రారు. నన్ను కూడా మళ్ళీ పిలవరు."

సన్యాసిరావు లెక్కేసుకున్నాడు. బాబాయిలూ అత్తలూ వాళ్ళ పిల్లలూ ఎవరూ లేని ఊళ్ళో ఆ ఐదుగురే కదా దీనికి అక్కలూ చెల్లెళ్ళూ. వాళ్ళు కూడా రాకపోతే తన కూతురు ఎవరితో ఆడుకుంటుంది? "ఆదివారం నాలుగింటికి మనింట్లో సోఫా ఉంటుందమ్మా. ఇది నా మాట," అన్నాడు.

మాటైతే ఇచ్చేశాడు. గది చూస్తే అగ్గిపెట్టంత ఉంది. సలహా కోసం పై అంతస్తులో ఉండే హనుమాయమ్మగారి దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడ ఒంగోలు మనిషి. నలభై ఏళ్ళుగా పుణెలోనే ఉంటోంది.

"చిన్న గదికి సోఫా అంటే తొందరపడకూడదు నాయనా," అందావిడ. "సోఫా పట్టేంత మేర గోడవారగా పాత పేపర్లు పరవండి. రెండ్రోజులు అదే సోఫా అనుకుని మసలండి. గదిలో తిరగడానికి చోటుంటుందో ఉండదో తెలిసిపోతుంది."

ఇంకేముంది! సాయంత్రానికల్లా గోడవారగా పేపర్లు పరిచేశారు. వరహాలు దాని మీద మంచి దుప్పటి కప్పింది. గగన్ దాని మీదికి ఎగిరి దూకాడు. మోకాళ్ళు రెండూ కొట్టుకుపోయాయి.

"వెధవా, కొత్త సోఫా మీద గెంతుతావా!" అని సన్యాసిరావు కేకలేశాడు. "దిగు ముందు!"

"దిగేశాను కదా నాన్నా. నేల మీదే ఉన్నాను."

"ఇంకా కిందికి దిగు!"

రాత్రి టీవీ పెట్టుకుని నలుగురూ సోఫా మీద కూర్చున్నారు. సోఫా అన్నాక నేలబారుగా కూర్చుంటే ఎలా? అందుకని వీపులు గోడకి ఆనించి, మోకాళ్ళు మడిచి, మోకాలెత్తున గాల్లో కూర్చున్నారు. వార్తలు మొదలయ్యేసరికి నలుగురి తొడలూ వణుకుతున్నాయి.

"ఏటండీ, ఈ సోఫా అంత మెత్తగా లేదు," అంది వరహాలు పళ్ళ బిగువున.

"కొత్తది కదే. వాడగా వాడగా అలవాటవుతుంది."

"సీరియల్ అయ్యేదాకా ఉండగలమంటారా?"

"చంద్రిక ఫ్రెండ్స్ ఇళ్ళల్లో వాళ్ళు ఉండటం లేదూ? అందుకే వాళ్ళ పిల్లలు అంత బలంగా ఉంటారు."

మర్నాడు చంద్రిక ఫ్యాను వేసింది. అంతే, దుప్పటి ఓ పక్కకి, పేపర్లు ఇంకో పక్కకి లేచిపోయాయి. "నాన్నా, సోఫా ఎగిరిపోతోంది!" అని గగన్ అరిచాడు. నలుగురూ సోఫా వెంటపడ్డారు. సగం సోఫా బాల్కనీలో దొరికింది. సగం కింద స్కూటర్ల మీద వాలింది. సన్యాసిరావు మెట్లు దిగి వెళ్ళి, దాన్ని ఏరుకొచ్చి, జిగురుతో అంటించి, నాలుగు మూలలా నాలుగు పప్పు డబ్బాలు పెట్టాడు.

శుక్రవారం హనుమాయమ్మగారు పచ్చడి ఇద్దామని వచ్చింది. కింద నుంచి కుర్చీలు లాగేసినట్టు, నలుగురూ గోడకి ఆనుకుని గాల్లో కూర్చుని చెమటలు కక్కుతున్నారు.

"రండి పిన్నిగారూ, కూర్చోండి," అని వరహాలు పక్కకి జరిగింది.

"ఓరి నాయనో! అది కొలత చూసుకోవడానికయ్యా!" అని ఆవిడ నెత్తి కొట్టుకుంది. "తిరగడానికి దారి సరిపోయిందిగా? ఇంక ఈ కొలత పట్టుకుని రేపు షాపుకి వెళ్ళండి."

శనివారం సెలవు. కొలత పట్టుకెళ్ళడానికి నలుగురూ తయారయ్యారు. అతికించిన పేపర్లని వరహాలు మడవబోయింది. సన్యాసిరావు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మడుస్తావేంటే? మడిస్తే సగమైపోదూ? సగం సోఫా ఇస్తే ముగ్గురు పిల్లలు నిలబడాలి!"

"అయ్యో, నిజమే సుమండీ. మీరు లేకపోతే ఎంత పని చేసేదాన్ని!"

అంతే. నలుగురూ నాలుగు కొసలు పట్టుకుని, కాగితం సోఫాని తలల మీద పందిరిలా ఎత్తుకుని రోడ్డెక్కారు. ఆటోవాళ్ళెవరూ ఆపలేదు. మార్కెట్ దగ్గర ఒక ముసలాయన, దేవుణ్ణి ఊరేగిస్తున్నారనుకుని చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు. సన్యాసిరావు చేతులు ఖాళీ లేక తలతోనే ప్రతినమస్కారం చేశాడు. మనసులో మాత్రం ఒకటే లెక్క. ఆదివారం నాలుగింటికి ఇంక ఎంతసేపుంది?

సోఫాల షాపు నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ముత్తెన్నది. తెలుగు వినేసరికి ఆయన ముఖం విప్పారింది. కాగితం చూసేసరికి కొంచెం ముడుచుకుంది. అయినా వాళ్ళ కాగితం నేల మీద పరిచి, దానికి అంగుళం అటూ ఇటూ కాకుండా సరిపోయే నీలం రంగు సోఫా చూపించాడు.

"తొందర లేదు సార్. ఒక పది నిమిషాలు కూసోని చూడుండ్రి. ఇంట్ల ఎట్లుంటరో గట్లనే కూసోండ్రి. అప్పుడే తెలుస్తది," అని ఇంకో బేరం చూడ్డానికి వెళ్ళాడు.

ఇంకేముంది! సన్యాసిరావు చొక్కా విప్పి సోఫా వీపు మీద ఆరేశాడు. బనీనుతో చేరగిలబడి, కాళ్ళు చాపి, పేపరు తెరిచాడు. వరహాలు దారిలో కొన్న గోరుచిక్కుడు ఒళ్ళో పోసుకుని ఈనెలు తీయడం మొదలెట్టింది. గగన్ చంద్రిక జడ లాగాడు. చంద్రిక గగన్ వీపు మీద ఒక్కటిచ్చింది.

"మీరు పేపరు చదివేసరికి పిల్లలు కొట్టుకు చస్తారు! తడి తువ్వాలు మంచం మీద పడేయొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అని వరహాలు అందుకుంది.

"ఇప్పుడు తువ్వాలెక్కడుందే?"

"ఇంట్లో ఉన్నట్టు ఉండమన్నారు కదా. ఇంట్లో అయితే ఈపాటికి అనేదాన్ని."

షాపులో జనం గుమిగూడారు. ఒకావిడ, ఈ కుటుంబాన్ని కూడా సోఫాతో పాటే ఇస్తారా అని అడిగింది. ముత్తెన్న పరుగున వచ్చాడు. "సార్, పది నిమిషాలైంది. లేవుండ్రి సార్, మీకు దండం పెడత!"

సన్యాసిరావు పేపరు దించకుండానే, "ఆదివారం మా ఇంట్లో నన్నెవరూ లేపరు," అన్నాడు.

"ఇయ్యాల శనివారం సార్!"

అతను వెంటనే లేచి చొక్కా తొడుక్కున్నాడు. తప్పు తప్పే కదా.

"రేపు పొద్దుగాల మా మనుషులు తెస్తరు," అన్నాడు ముత్తెన్న డబ్బు లెక్కపెట్టుకుంటూ. "వాళ్ళొచ్చే వరకు గది ఖాళీ జేసి ఉంచుండ్రి. గదిల ఏదీ ఉండొద్దు. సమజైందా?"

సమజు కాకపోవడమేమిటి! ఆదివారం పొద్దున్నే టీవీ, చాప, పప్పు డబ్బాలు వంటింట్లోకి చేరాయి. తర్వాత గడియారం, క్యాలెండరు చేరాయి. తర్వాత క్యాలెండరు మేకు చేరింది. సన్యాసిరావు స్టూలెక్కి ట్యూబ్‌లైటు ఊడదీశాడు. గది నాలుగు మూలలా చూసుకుని సంతృప్తిగా తలూపాడు.

"నాన్నా, మనం ఉన్నాం కదా ఇందులో," అన్నాడు గగన్.

"శభాష్! నా కొడుకువనిపించావు!" అని సన్యాసిరావు వాణ్ణి ముద్దుపెట్టుకున్నాడు. నలుగురూ వంటింట్లోకి వెళ్ళి, సామాన్ల మధ్య ఇరుక్కుని, తలుపు సందులోంచి చూస్తూ కూర్చున్నారు.

పదింటికి బెల్లు మోగింది. ఎవరూ కదల్లేదు. మళ్ళీ మోగింది.

"సార్! సోఫా తెచ్చినం. తలుపు తీయుండ్రి!"

"తీయలేం బాబూ!" అని వంటింట్లోంచి సన్యాసిరావు అరిచాడు. "తలుపు దగ్గరికి రావాలంటే గదిలోకి రావాలి. గదిలో మేముంటే అది ఖాళీగా ఉన్నట్టెలా అవుతుంది?"

"మరి సోఫా ఎట్ల పెట్టాలె?"

"మీరు పెట్టేయండి. పెట్టాక తలుపు తీస్తాం!"

పన్నెండయింది. మోసుకొచ్చిన వాళ్ళిద్దరూ బయట మెట్ల దగ్గర సోఫా దించి, దాని మీదే పడుకుని గురక పెట్టారు. వంటింట్లో చంద్రిక కళ్ళనిండా నీళ్ళు. "నాలుగింటికి వచ్చేస్తారు నాన్నా." సన్యాసిరావు కాలు ఒకసారి గడప మీద పెట్టాడు, మళ్ళీ వెనక్కి తీశాడు. ముత్తెన్నకి ఒప్పుకున్న మాట ఒకవైపు, కూతురికిచ్చిన మాట ఒకవైపు. మధ్యలో ఆ కాలు ముందుకీ వెనక్కీ ఊగుతోంది.

గురక విని హనుమాయమ్మగారు కిందికి దిగింది. ఈ ఇంటి తాళంచెవి ఇంకోటి ఆవిడ దగ్గరే ఉంటుంది. తలుపు తెరిచి, పడుకున్నవాళ్ళని లేపి, సోఫా గోడవారగా పెట్టించి, వంటింట్లో ఉన్నవాళ్ళని పేరు పేరునా పిలిచి బయటికి రప్పించింది. "నాకు ఓపిక లేదు నాయనా," అంటూ పైకి వెళ్ళిపోయింది.

సరిగ్గా నాలుగింటికి ఐదుగురు పిల్లలూ వచ్చారు. వరసగా సోఫా మీద కూర్చుని, కాళ్ళూపుతూ నవ్వారు. చంద్రిక ముఖం వెలిగిపోయింది. అది చూసి సన్యాసిరావుకి ఒళ్ళు తేలిపోయింది. వచ్చిన పిల్లలకి మంచి మాటొకటి చెప్పాలనిపించింది. తనకొచ్చిన హిందీలో, "మొహమాటపడకండమ్మా. ఇది మీ ఇల్లే అనుకోండి," అన్నాడు.

"థాంక్యూ అంకుల్!" అన్నారు ఐదుగురూ.

సన్యాసిరావు చటుక్కున వరహాలు వైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు. "ఇల్లు వాళ్ళదైపోయింది. ఇంక చెప్పాపెట్టకుండా మనం లోపల ఉంటే ఏం బావుంటుంది?"

"ఛ, ఛ, మర్యాద కాదు," అంది వరహాలు. "చంద్రీ, గగన్, రండి. చెప్పులేసుకోండి."

నలుగురూ బయటికొచ్చి తలుపు మూసి, బెల్లు కొట్టారు. మృణాల్ అనే పిల్ల తలుపు తీసి, పొట్టపట్టుకుని నవ్వింది. వాళ్ళకి ఇంతకంటే మంచి ఆట ఎప్పుడూ దొరకలేదు. "రండి రండి, కూర్చోండి!" అంటూ ఐదుగురూ సోఫా ఖాళీ చేసి, నలుగురినీ కూర్చోబెట్టారు. వంటింట్లోంచి పులిహోర తెచ్చి పెట్టారు. మంచినీళ్ళిచ్చారు. "ఏం చదువుతున్నావు?" అని సన్యాసిరావుని అడిగారు. అతను వినయంగా, చదువు అయిపోయిందని చెప్పాడు.

ఆరయింది. సన్యాసిరావు గోడ మీద గడియారం ఉండే చోటు చూసి లేచాడు. "చాలాసేపు కూర్చున్నాం. వెళ్ళొస్తామమ్మా."

"వచ్చే ఆదివారం తప్పకుండా రండి!" అని ఐదుగురూ గుమ్మం దాకా వచ్చి చేతులూపారు.

మెట్లు దిగుతూ చంద్రిక తండ్రి చెయ్యి పట్టుకుని ఎగిరింది. "నాన్నా, విన్నావా? నన్ను మళ్ళీ రమ్మన్నారు!"

 సన్యాసిరావుకి వారం రోజుల బెంగ అంతా ఆ ఒక్క మాటతో దిగిపోయింది. "బంగారం లాంటి పిల్లలు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఎంత మర్యాద, ఎంత పెంపకం!"

"సోఫా కూడా ఎంత మెత్తగా ఉందండీ," అంది వరహాలు. "గదికి కొలిచి చేయించినట్టుంది."

సన్యాసిరావు గేటు దగ్గర ఆగి, మూడో అంతస్తు కిటికీ వైపు ఆశగా చూశాడు.

"దిగులుపడకే. ముందు మనం కూడా ఈ ఊళ్ళోనే ఒక ఇల్లు చూసుకుందాం. తర్వాత వాళ్ళనడిగి, అచ్చం అలాంటి సోఫానే కొనుక్కుందాం."