విప్పి చూసిన కట్లు

వెలిగొండ కింద పెంచలయ్యస్వామి ఆశ్రమంలో ప్రశ్న అడగడమంటే పని నెత్తికెత్తుకోవడమే. మాయ అంటే ఏమిటని అడిగినవాడు బావి పూడిక తీశాడు. కోపం ఎలా పోతుందని అడిగినవాడు వేసవంతా బియ్యంలో రాళ్ళేరాడు. స్వామి నోటితో జవాబు చెప్పడం బహు తక్కువ. అది తెలిసే పెద్ద శిష్యుడు చెంచురామయ్య ఏళ్ళ తరబడి ఏమీ అడక్కుండా హాయిగా కాలం గడుపుతూ వచ్చాడు.

ఓబులేసు రావడంతో ఆ హాయి పోయింది. ఓబులేసు నడివయసు మనిషి. తొలి వానల్లో గొంగడి కప్పుకుని వచ్చి, ఇక్కడే ఉండిపోతానన్నాడు. ఏ ఊరంటే కొండకు అవతల అన్నాడు. ఇన్నాళ్ళూ ఏం చేశావంటే ఏవేవో చేశానన్నాడు. చెంచురామయ్యకు ఆ జవాబులు మింగుడుపడలేదు. ఓబులేసు మాట్లాడకపోతే ఏదో దాస్తున్నాడనిపించేది, నవ్వితే ఏదో ఆశించి నవ్వుతున్నాడనిపించేది. ఒకనాడు పూజ గదిలో గంధపు చెక్క కనబడకపోతే అతని చూపు తిన్నగా ఓబులేసు గొంగడి మీదికే పోయింది. చెక్క పటం వెనకాలే దొరికింది. దొరికినా మనసు కుదుటపడలేదు. పటం వెనక్కి దాన్ని తోసిందెవరు మరి?

ఆ ఆశ్రమంలో ఒక ఆచారం ఉంది. కొత్తగా వచ్చినవాణ్ణి శ్రావణ పౌర్ణమినాడు అందరితో పాటు భోజనానికి కూర్చోబెడతారు. పాత శిష్యుల్లో ఏ ఒక్కరు తన విస్తరి మడిచినా, ఆ వచ్చినవాడు అన్నం తిని, మారు మాట్లాడకుండా వెళ్ళిపోవాలి. కారణం ఎవరూ అడగరు. తన విస్తరి మడవాలని చెంచురామయ్య ఎప్పుడో అనుకున్నాడు. కానీ ఉత్త అనుమానంతో ఒక మనిషిని గడప దాటించడానికి అతని మనసు ఒప్పుకోలేదు. చెడ్డవాడు కాదు పాపం, రుజువు కోసం వెతుకుతున్నాడంతే. ఆఖరికి ఉండబట్టలేక స్వామినే అడిగేశాడు.

"స్వామీ, ఒక మనిషి నమ్మదగినవాడో కాదో తెలుసుకునేదెట్లా?"

స్వామి లేచాడు. ఓబులేసును కూడా పిలుచుకుని పెరట్లోకి నడిచాడు. అక్కడ రెండు వరసల్లో నాటు రేగు మొక్కలున్నాయి. వేసవిలో వాటిని మొదలంటా నరికేస్తే, వానలకు లేత కొమ్మలు వేసుకున్నాయి. స్వామి చేతిలో గంగరేగు చెట్టు నుంచి కోసుకొచ్చిన కొమ్మ ఉంది. ఆకు చంకలో నువ్వుగింజంత మొగ్గను చూపించి, "దీన్ని కన్నంటారు" అన్నాడు. ఒక కన్నును గోటితో చీల్చి చూపించాడు. పొలుసుల లోపల, రేపు రావాల్సిన ఆకులు మడతలు మడతలుగా ఒదిగి ఉన్నాయి. "అన్నీ లోపలే తయారుగా ఉన్నాయి చూశారా? చూశాం గనక ఇది ఇంక పనికిరాదు" అని దాన్ని పారేశాడు.

తర్వాత అంటు కట్టడం నేర్పాడు. నాటు కొమ్మ బెరడుకు అడ్డంగా ఒక గాటు, నిలువునా ఒక గాటు పెట్టాలి. గంగరేగు కన్నును కాస్త బెరడుతో, ఆకు తొడిమతో సహా తీసి ఆ గాటులోకి జొనిపి, కన్ను మాత్రం బయటికి కనబడేలా అరటినారతో గట్టిగా చుట్టాలి.

"కన్ను కింది తడి, కొమ్మ తడి ఒకటి కావాలి. అయ్యేదాకా మధ్యలోకి గాలి దూరకూడదు. అతుక్కుంటే దాని పక్కనున్న ఆకు తొడిమ మనం ముట్టుకోగానే రాలిపోతుంది. లేదంటే ఎండిపోయి అక్కడే పట్టుకుని ఉంటుంది. కుడి వరస చెంచయ్యది, ఎడమది ఓబులేసుది. పున్నమి ముందు వచ్చి చూస్తాను" అని చెప్పి స్వామి వెళ్ళిపోయాడు.

ఇద్దరూ కట్టారు. ఓబులేసు చెయ్యి చురుగ్గా ఆడింది. అదీ చెంచురామయ్యకు నచ్చలేదు. ఇంత బాగా కత్తి పట్టడం ఎక్కడ నేర్చాడో!

నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. తర్వాత, అందరూ మధ్యాహ్నం కునుకు తీసే వేళ ఎడమ వరసలోకి వెళ్ళాడు. ఓబులేసు లోపల కన్ను సరిగ్గా పెట్టాడో, ఉత్త నార చుట్టి మోసం చేశాడో చూద్దామనుకున్నాడు. ఒక కట్టు విప్పాడు. కన్ను చక్కగానే ఉంది. తిరిగి కట్టేశాడు. ఒక్కటి బాగున్నంత మాత్రాన అన్నీ బాగున్నట్టా? మరొకటి విప్పాడు. అలా రోజుకు కొన్ని చొప్పున విప్పుతూ కడుతూ వచ్చాడు. గాలి దూరకూడదన్న మాట గుర్తులేక కాదు. క్షణంలో మూసేస్తున్నాను కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఒక సాయంత్రం ఓబులేసు ఆ వరసలో వంగి ఉండటం అతని కంటబడింది. అటూ ఇటూ చూసుకుంటూ నారతో ఏదో చేస్తున్నాడు. చెంచురామయ్య గుండె ఝల్లుమంది. భయం కాదు, సంతోషం. దొంగ దొరికాడనుకున్నాడు. అప్పట్నుంచి ఒక్క మధ్యాహ్నమూ ఊరుకోలేదు.

పున్నమికి ముందురోజు స్వామి పెరట్లోకి వచ్చాడు, శిష్యులంతా వెంట వచ్చారు. కుడి వరసలో స్వామి వేలు తగిలిందో లేదో తొడిమలు టపటపా రాలాయి. కన్నులు ఉబ్బి, పొలుసులు విడి, లేతాకుపచ్చ కొసలు తొంగిచూస్తున్నాయి. ఎడమ వరసలో తొడిమలు నల్లబడి అంటిపెట్టుకుని ఉన్నాయి. స్వామి కట్టు విప్పిన చోటల్లా కన్ను ముడుచుకుపోయి పొట్టులా చేతికొచ్చింది.

చెంచురామయ్య ఇక ఆగలేకపోయాడు. "చూశారు కదా స్వామీ! నా అనుమానం నిజమైంది. ఇతను చాటుగా కట్లు కదిలించడం నా కళ్ళతో చూశాను. రేపు నేను విస్తరి మడుస్తాను" అన్నాడు. గొంతులో గర్వం దాగలేదు.

స్వామి ఓబులేసు వైపు తిరిగాడు. "ఏమయ్యా, కట్ల దగ్గర ఏం చేశావు?"

"వదులైపోతా ఉన్నాయి స్వామీ. బిగించినా మళ్ళా మర్నాడు సాయంత్రానికి ఏదో ఒకటి వదులుగానే ఉండేది. బిగిస్తానే ఉన్నా."

"ఎందుకు వదులైనాయి?"

ఓబులేసు తల ఎత్తలేదు. చెంచురామయ్య వైపు పొరపాటున కూడా చూడలేదు. "గాలయ్యుంటాది స్వామీ" అన్నాడు.

"ఆఁ, ఈ యేడు గాలి ఎక్కువే" అన్నాడు స్వామి. తర్వాత చాలా మామూలుగా, "చెంచయ్యా, నీ వరసలో ఎన్ని విప్పి చూశావు?" అని అడిగాడు.

"నావా? నావి నేనెందుకు విప్పుతాను స్వామీ, నేను కట్టినవే కదా!"

అన్న తర్వాత ఆ మాట అతని చెవికే వినబడింది. వెనకనున్న శిష్యుల్లో ఒకడు తల వంచుకున్నాడు. చెంచురామయ్యకు ఒళ్ళంతా సిగ్గుతో మండింది. ఓబులేసు చేతిలోని నార పోగు కేసి చూశాడు. అన్నీ తెలిసి కూడా ఆ మనిషి తప్పు గాలి మీద పెట్టాడు. ఎన్ని సాయంత్రాలు తన వెనకే వచ్చి, తను విప్పినవి బిగించాడో!

స్వామి వైపు తిరిగి, "ఇతన్ని ఉండనివ్వండి స్వామీ" అన్నాడు.

స్వామి నాటు కొమ్మల మీది ఎండు కన్నులను దులిపేస్తూ, "నన్నడుగుతావేం నాయనా? నువ్వున్నచోట తను ఉండగలడో లేదో, అతన్నడుగు" అన్నాడు.