గంపయ్య చెప్పిన ఒక పూట

అనగనగా సముద్రం పక్కన ఒక మడ అడవి. అందులో ముత్యాలు అనే తెల్లకొంగ, దాని కూతురు చుక్కి ఉండేవి. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మడుగులన్నీ ఎండిపోయి, చేప అన్నదే లేకుండా పోయింది. పర్ర అనే ఉప్పునేల బయలుకు అవతల పెద్ద చెరువు ఉందని, అందులో చేపలు మసలుతున్నాయని పెద్ద రెక్కల గూడబాతు గంపయ్య కబురు తెచ్చాడు.

ఎంత దూరమని ముత్యాలు అడిగింది.

"ఒక పూట ప్రయాణం, అమ్మాయ్. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చేపలు తింటావు" అన్నాడు గంపయ్య.

చుక్కికి ఎగరడం వచ్చి నెల కూడా తిరగలేదు. ఒక పూటే కదా, ఓర్చుకుంటుందిలే అనుకుంది తల్లి. దేవుడికి దండం పెట్టుకుని, పిల్లను తీసుకుని, గంపయ్య వెంట బయలుదేరిన పక్షుల గుంపుతో పాటు ఎగిరింది.

దారిలో నాలుగు ఈతచెట్లు కనిపించాయి. వాటి కింద కాస్త చెమ్మ కూడా ఉంది. చుక్కి దిగుదామంది. పూట ప్రయాణానికి మజిలీ ఏమిటని తల్లి దిగనివ్వలేదు.

ఆ తర్వాత అంతా తెల్లటి ఉప్పునేల. చెట్టు లేదు, నీడ లేదు. ఎండ నెత్తికెక్కింది.

"ఇంకా ఎంత దూరమే అమ్మా?"

"వచ్చేశాం తల్లీ."

ఇంకొంత సేపటికి చుక్కి మళ్లీ అడిగింది. తల్లి మళ్లీ అదే మాట చెప్పింది. మూడోసారి చుక్కి అడగలేదు. ముత్యాలు వెనక్కి తిరిగి చూసింది. పిల్ల నోరు తెరుచుకుని, ఒక రెక్క వాల్చేసి, కిందికి జారుతోంది. నేల మీద ఒక నక్క దాని నీడ వెంటే నడుస్తోంది.

"ఎందుకు పాపా ఆ యాతన? కాసేపు నా దగ్గర కూర్చుని వెళ్దువుగాని" అంది నక్క తీరిగ్గా.

ముత్యాలు తలెత్తి చూసింది. పైన గంపయ్య వేడిగాలి మీద తేలుతూ పోతున్నాడు. రెక్క ఒక్కసారైనా ఆడించడం లేదు.

"మావా, మధ్యాహ్నం దాటిపోయింది. పూట అన్నావు, అది ఎవరి పూట?"

"నా పూట. మీ సంగతి నాకేం తెలుసు, నువ్వు అడగలేదుగా. ఆగితే గుంపు తప్పిపోతావు, ఆపైన నీ ఇష్టం."

దారి తెలిసినవాడు ఆయన ఒక్కడే. ముందు ఎంత ఉందో తెలియదు. వెనక ఈతచెట్లు మాత్రం ఇంకా మసగ్గా కనిపిస్తున్నాయి. ముత్యాలు క్షణం ఊగిసలాడి, పిల్లను వెనక్కి మళ్లించింది.

నక్క కూడా మళ్లింది. చెట్లు దగ్గరపడేసరికి చుక్కి నేలకు జానెడు ఎత్తులో ఉంది. నక్క దూకి చుక్కి తోక ఈక పట్టుకుంది. ముత్యాలు దాని ముక్కు మీద బలంకొద్దీ పొడిచింది. ఈక నక్క నోట్లో ఉండిపోయింది. చుక్కి ఈతమట్ట మీద వాలింది. నక్క కాసేపు కింద తిరిగి, తన దారిన పోయింది.

పిల్ల కోలుకునేదాకా ఆ చెమ్మలో పురుగులు ఏరుకు తిన్నాయి. తర్వాత ఎండ లేని వేళ చూసుకుని, గుంపు పోయిన దిక్కుకే చుక్కి ఊపిరికి తగ్గట్టు నిదానంగా ఎగిరాయి. చెరువు చేరాయి.

గంపయ్య నవ్వాడు. "ఏమమ్మాయ్, పూట ప్రయాణానికి మూడు రోజులా?"

"మా చుక్కి పూట అంత పొడుగు, మావా" అని ముత్యాలు పిల్ల కోసం చేప వెతకడానికి నీళ్లలోకి దిగింది.

నీతి: ఎంత దూరమని అడిగితే చాలదు, వెంట వచ్చేవారిలో అందరికంటే చిన్నవారి రెక్కతో ఆ దూరాన్ని కొలుచుకోవాలి.