జాబితాలో చివరి పేరు

సన్యాసిరావుగారు ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయించి తన దారిన తాను పోతారు. ముప్ఫై ఏళ్లుగా ఆ పెద్దాసుపత్రి ఎముకల వార్డులో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లందరూ ఆ దెబ్బ రుచి చూసినవాళ్లే. అయినా అడగడం మానరు. ఆయన్ను అడిగి చెడినవాడు ఇంతవరకూ లేడు మరి.

కిరీటి పీజీ రెండో ఏడు చదువుతున్నాడు. వృద్ధుల తుంటి ఆపరేషన్ల మీద థీసిస్ రాస్తున్నాడు. మూడు రోజుల సెలవు తర్వాత గురువుగారు వార్డులో అడుగు పెట్టీ పెట్టగానే ఎదురెళ్లాడు.

“సార్, హెపటైటిస్ సి ఉన్న ముసలివాళ్లు తుంటి ఆపరేషన్ అయ్యాక మిగతావాళ్లంత తొందరగా లేవడం లేదు. మన వార్డులోనూ అదే చూస్తున్నాను. లివర్‌లో ఉన్న జబ్బు నడకను ఎలా పట్టుకుంటోందంటారు?”

లివర్‌కీ ఆ పాపంలో వాటా ఉంది. ఆ మాట చెప్పేసి ఊరుకోవచ్చు. గురువుగారు మాత్రం గోడకు అంటించిన ఆపరేషన్ల జాబితా వైపు చూశారు. అది కిరీటి రాసిందే. అట్టడుగున పద్నాలుగో మంచం అప్పలనరసమ్మ పేరుంది. డెబ్భై రెండేళ్ల ఆ మనిషి ఎండుచేపల గంప నెత్తినెట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముతుంది. బస్సు దిగుతూ పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎన్నడో కాన్పులో ఎక్కించిన రక్తంతో వచ్చిన హెపటైటిస్ సి వైరస్ ఇన్నాళ్లూ ఒంట్లోనే ఉందని ఇక్కడ పరీక్ష చేశాకే తెలిసింది. ఆపరేషన్ ఆలస్యమైనకొద్దీ ఆమె మళ్లీ నడిచే ఆశ తగ్గిపోతుందని వార్డులో అందరికీ తెలుసు. అయినా ఆ వైరస్ ఉన్న రోగుల పేరు చివర వేయడం అక్కడ ఎవరూ రాసిపెట్టని ఆచారం.

“నిన్న?” అన్నారు గురువుగారు.

“నిన్నా చివరే సార్, టైమ్ చాల్లేదు. మొన్నా అంతే. ఆమె తర్వాత థియేటర్ కడగాలి కదా, అందుకని...”

“మిగతావాళ్ల తర్వాత కడగవా?”

గురువుగారు పెన్ను తీసి అడుగున ఉన్న పేరు కొట్టేసి జాబితా నెత్తిన రాశారు. ఖాళీ అయిన చోట ‘కిరీటి’ అని రాశారు. “ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్లగానే ఆ మంచమ్మీద పడుకో. నీ వంతు వచ్చేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టకు,” అని థియేటర్‌కి వెళ్లిపోయారు.

వేళాకోళమనుకున్నాడు కిరీటి. కానీ నర్సు దుప్పటి మార్చి, అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి, కుడికాలికి అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టింది. కాలు కదపకూడదట! ఆ ఉదయం టిఫిన్ కూడా తినకుండా వచ్చాడు పాపం. పదింటికి నడుము పట్టేసింది. పన్నెండింటికి నాలుక అంగిలికి అతుక్కుంది. పక్క మంచాల వాళ్ల చారన్నం వాసనకి కడుపులో పేగులు అరిచాయి. రెండింటికి కోపమొచ్చింది. ఆ తర్వాత కోపగించుకునే ఓపిక కూడా పోయింది.

“మొన్న నవ్వుతానే ఉంది బాబూ అప్పలనరసమ్మ,” అంది పదిహేనో మంచం దగ్గర కూర్చున్నావిడ, తల్లికి విసురుతూ. “నిన్న మూడింటిదాకా కడుపు మాడ్సుకుని ఉంటే రేపన్నారు. అప్పుడు పళ్లెం ఎడితే ముద్ద దిగనేదు. ఈ పొద్దున పిలిస్తే పలకనేదు.”

ఆమె ఎవర్నీ తప్పు పట్టలేదు. చూసింది చూసినట్టు చెప్పింది, అంతే. కిరీటి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

నాలుగున్నరకి చివరి ఆపరేషన్ ముగిసింది. ఆపరేషన్ అయ్యాక పక్క గదిలో ఉంచిన అప్పలనరసమ్మ ట్రాలీని గురువుగారే స్వయంగా తోసుకుంటూ వచ్చారు. ఎక్కించిన సెలైన్‌కి ఆమె మొహం తేటపడింది. తన మంచమ్మీద మనిషిని చూసి కళ్లు చికిలించింది.

“ఏటి బాబూ, నీకూ తుంటి ఇరిగిందేటి?”

వార్డంతా గొల్లుమంది. కిరీటి గబుక్కున లేచి నిలబడ్డాడు. కళ్లు బైర్లు కమ్మాయి, మంచం కమ్మీ పట్టుకుని ఆగిపోయాడు. అప్పలనరసమ్మ నవ్వు ఆపేసింది.

“ఓలమ్మా, సోలిపోతన్నాడు! ఆ బాబుకి కాసిన్ని మంచినీళ్లు పొయ్యండర్రా ఎవరైనా. ఆ బాధ నాకు ఎరికే.”

ఆ మాటకి కిరీటికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. గురువుగారు అతని చెయ్యి అందుకుని నాడి చూశారు.

“ఇరవయ్యారేళ్లవాడివి. పస్తుండి పడుకున్నది ఒక్క పూట,” అన్నారు మెల్లగా. “నీ లివర్ బాగానే ఉంది కదయ్యా?”